ఉదయగిరి పలకడం లేదు

ఆత్మకూరు,
జులై 14

రుక్సానా అక్కకు,

దివ్యశ్రీ నమస్కారాలు. నమస్కారం మర్యాదకు పెట్టాను గానీ లోపల మండిపోతున్నాను.

రోజూ పొద్దున ఆరున్నరకు రేడియో ముందు కూర్చుని మన నెట్ మొదలుపెట్టి, ఒక్కో ఊరినీ హాజరు పిలుస్తాను. కొండాపురం అంటే నారాయణయ్య మామ పలుకుతాడు. కలువాయి అంటే లిదియమ్మ పలుకుతుంది. తర్వాత "ఉదయగిరీ, ఉదయగిరీ" అని పిలిచి ఆగుతాను. హోరు తప్ప ఏమీ రాదు. "ఉదయగిరి పలకడం లేదు" అని చెప్పి ముందుకు పోతాను. నెల దాటింది ఇలా చెప్పబట్టి. ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజ్ పెడితే చూడవు.

నన్ను ఈ హామ్ రేడియోలోకి లాక్కొచ్చిందే నువ్వు. సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చునే దాన్ని పట్టుకుని, పరీక్షకు చదివించి, లైసెన్సు చేతికొచ్చేదాకా ఊపిరి ఆడనివ్వలేదు. నెట్ నడిపే పని కూడా నా నెత్తిన పెట్టావు. ఇప్పుడు నువ్వే మాయమైతే ఎలా?

నీ మాట విన్నామని తోటి రేడియోవాళ్ళ దగ్గర నుంచి పోస్టులో కార్డు వస్తే జవాబు రాయకుండా ఉండటం హామ్‌కు తప్పని నేర్పింది కూడా నువ్వే. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. ఇక తప్పించుకో చూద్దాం.

నీ
దివ్య


ఉదయగిరి,
జులై 20

దివ్యకు,

నీ ఉత్తరం అందింది. మేమంతా బాగున్నాం. కోతులు కొండ దిగి వచ్చి మిద్దె మీద యాంటెన్నా తీగ తెంపేశాయి. కట్టించడానికి మనిషి దొరకలేదు. దుకాణంలో చెక్క గరిటెలకు గిరాకీ ఎక్కువగా ఉంది, తీరిక లేదు. చూడటానికని బయలుదేరి రావద్దు.

ఇంకో మాట. రోజూ మా ఊరిని పిలవడం మానేయ్. పలకని వాళ్ళను పిలిచి అందరి పొద్దూ పాడు చేయడం ఎందుకు?

రుక్సానా


ఆత్మకూరు,
జులై 27

అక్కా,

కోతుల మీద నెపం పెట్టడానికి నీకు నోరెలా వచ్చింది? ఆ యాంటెన్నా నీ చేతులతో నువ్వే కట్టుకున్నావు. నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాను. దాన్ని కట్టడానికి నీకు మనిషి కావాలా?

నిన్న దుకాణం నంబరుకు చేశాను. మీ అత్తమ్మ మస్తాన్‌బీ ఎత్తింది. ఆమెకు వినపడదు కాబట్టి నేను అరిచాను, ఆమె అంతకంటే గట్టిగా అరిచింది. మా ఆఫీసులో అందరికీ వినిపించింది.

"ఏమ్మే దివ్యా, నీకు చెప్పలేదా ఆ పిల్ల? గొంతులో గడ్డకి ఆపరేషన్ చేసినారు. గడ్డ పోయింది, దాంతోనే గొంతూ పోయింది. గుసగుసలాడతాది అంతే. నాకా చెవుడు. ఏం చేస్తాం? గరిటె తీసుకోని బల్ల మీద కొట్టుకుంటా ఒకరినొకరం పిలుచుకుంటా ఉండాం!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వాను, తర్వాత బాత్‌రూంలోకి పోయి ఏడ్చాను. అంత పెద్ద ఆపరేషన్ అయితే నాకు ఒక్క మాట చెప్పకూడదా? నేను నీకు పరాయిదాన్నా?

నెట్‌లో ఎవరికీ చెప్పలేదు. నువ్వు చెప్పమనేదాకా చెప్పను. కానీ ఉదయగిరిని పిలవడం మాత్రం మానను.

దివ్య


ఉదయగిరి,
ఆగస్టు 5

దివ్యా,

అబద్ధం రాసినందుకు ఏమీ అనుకోకు. నిజం రాయాలంటే చెయ్యి ఆడలేదు.

థైరాయిడ్ గడ్డ తీశారు. గొంతు నరం బలహీనపడింది, కొందరికి అలా అవుతుందట. వస్తే వస్తుంది, రాకపోతే లేదు అన్నారు. చూడటానికి వచ్చిన చుట్టాలంతా "ఫర్వాలేదే, బాగానే మాట్లాడుతున్నావే" అంటారు. అంటూనే చెవి నా నోటి దగ్గరికి తెచ్చి పెడతారు.

దుకాణంలో ఇంకో తమాషా. నేను గుసగుసగా ధర చెబితే కొనేవాళ్ళు కూడా గుసగుసగా బేరమాడతారు. వాళ్ళకు మాత్రమే ఏదో తక్కువ ధర చెబుతున్నానని అనుకుంటారో ఏమో! చుట్టూ చూసుకుని, గరిటెలు సంచిలో దాచుకుని పోతారు. ఇది తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకుంటాను.

కానీ రేడియో వేరు. నారాయణయ్య మామ నన్ను ఒక్కసారైనా చూడలేదు. లిదియమ్మ ఎలా ఉంటుందో నాకు తెలియదు. వాళ్ళకు నేనంటే గొంతే. తుఫాను రోజుల్లో ఎంత హోరు ఉన్నా ఉదయగిరి మాట ఖణేల్‌మని వస్తుందని మామ అనేవాడు. ఆ గొంతు అట్లాగే వాళ్ళ దగ్గర ఉండనీ. ఈ గుసగుస విని వాళ్ళు అయ్యో అనడం నేను భరించలేను. అంతకంటే నేను పలకకుండా పోవడమే మేలు.

నీకు ఉత్తరం రాస్తుంటే హాయిగా ఉంది. కాగితం మీద నేను మునుపటిలాగే మాట్లాడుతున్నాను.

రుక్సానా

తా.క. ఆపరేషన్‌కు ముందు కంప్యూటర్‌తో నడిచే కొత్త రేడియో ఒకటి తెప్పించుకున్నాను. పెట్టె విప్పనే లేదు. నీకు పనికొస్తుందేమో చెప్పు, బస్సులో వేసి పంపుతాను.


ఆత్మకూరు,
ఆగస్టు 11

అక్కా,

ఆ పెట్టెను బస్సు ఎక్కించావంటే నేను అదే బస్సులో వెనక్కి తీసుకొస్తాను. విప్పు దాన్ని. నీకు కావలసింది అందులోనే ఉంది.

ఆ రేడియోకు బొత్తాలూ ముల్లూ ఏమీ ఉండవు. ఒక తీగ లాప్‌టాప్‌కు, ఒకటి యాంటెన్నాకు, అంతే. మిగతాదంతా రేడియో ప్రోగ్రాం తెర మీద కనిపిస్తుంది. దానికి తోడు టైపింగ్ ప్రోగ్రాం ఒకటి వేసుకో. వాట్సాప్‌లో కొట్టినట్టే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టావంటే, అది నీ అక్షరాలను సన్నటి ఈలగా మారుస్తుంది. రేడియో ఆ ఈలను గాల్లోకి వదులుతుంది. ఇక్కడ నా లాప్‌టాప్ దాన్ని మళ్ళీ అక్షరాలు చేస్తుంది. నేను నెట్‌లో అందరికీ చదివి వినిపిస్తాను. నీ గొంతు ఎవరూ వినరు. రేడియోలో కొత్త పద్ధతి నేర్చుకుంటున్నావని చెబుతాను. అది అబద్ధం కూడా కాదు.

చిక్కు ఒక్కటే. రెండు ప్రోగ్రాములూ ఒకే లాప్‌టాప్‌లో ఉంటాయి గానీ ఒకదాని మాట ఒకదానికి వినపడదు, నువ్వూ మీ అత్తమ్మా ఒకే ఇంట్లో ఉన్నట్టు. మధ్య తీగ వేయాలి. రెండూ కంప్యూటర్ లోపలే ఉన్నాయి కాబట్టి తీగ కూడా లోపలే ఉండాలి. దాన్ని వర్చువల్ కేబుల్ అంటారు. చేత్తో పట్టుకునేది కాదు, అది కూడా ఒక ప్రోగ్రామే.

అలాంటివి రెండు కావాలి. రేడియోలో వినపడేది మొదటి కేబుల్ గుండా టైపింగ్ ప్రోగ్రాంకు పోవాలి. టైపింగ్ ప్రోగ్రాం వేసే ఈల రెండో కేబుల్ గుండా రేడియోకు రావాలి. ఇవిగాక పోర్టుల జత ఒకటి పెట్టుకో. ఇప్పుడు పంపు, ఇప్పుడు ఆపు అని టైపింగ్ ప్రోగ్రాం రేడియోకు చెప్పేది ఆ దారినే.

నాకు సోల్డరింగ్ నేర్పేటప్పుడు ఎన్ని తిట్లు తిట్టావో గుర్తుంది. నేను ఒక్కటి కూడా తిట్టను, ఎన్నిసార్లయినా అడుగు.

దివ్య


ఉదయగిరి,
ఆగస్టు 24

దివ్యా,

లేని తీగను ఉందనుకుని పని చేయమంటావు. ఇదేం విడ్డూరం! నా జన్మలో తీగంటే చేతికి తగిలేది. తెగితే అతికించేదాన్ని.

అయినా నువ్వు చెప్పినట్టే చేశాను. వినడం బాగానే ఉంది, ఈలలు అక్షరాలై తెర మీద పారుతున్నాయి. పంపమంటే మాత్రం రేడియో ఉలకదు పలకదు. పోర్టుల జతలో పదీ పదకొండూ అని రెండు అంకెలు వచ్చాయి. రెండు ప్రోగ్రాములూ కలవాలి కదా అని రెండింటికీ పదే ఇచ్చాను. అత్తమ్మ వచ్చి నా భుజం మీద నుంచి చూసి "దీనికీ గొంతు పోయిందా?" అంది.

రుక్సానా


ఆత్మకూరు,
ఆగస్టు 29

అక్కా,

అత్తమ్మ మాటకు కడుపుబ్బ నవ్వాను. జత అంటే తాడుకు రెండు కొసలు. ఇద్దరూ ఒకే కొస పట్టుకుంటే రెండో కొస ఎవరు పట్టుకోవాలి? రేడియో ప్రోగ్రాంకు పది ఇవ్వు, టైపింగ్ ప్రోగ్రాంకు పదకొండు ఇవ్వు. పలుకుతుంది.

దివ్య


ఉదయగిరి,
సెప్టెంబరు 6

దివ్యా,

పలికింది!

ఇంకో సంగతి వింటే నవ్వుతావు. సోల్డరింగ్ చేసిన ఏ తీగనైనా ఒకసారి తట్టి, అవతల చప్పుడు వినకుండా నేను పెట్టె మూత వేయనని నీకు తెలుసు. ఈ కనపడని తీగను ఎక్కడని తట్టేది? ఆలోచించి, లాప్‌టాప్ మైకును ఆ రెండో కేబుల్‌లోకి కలిపాను. గరిటెతో బల్ల మీద ఠక్కున కొట్టాను. రేడియో తెర మీద పచ్చగీత ఎగిరిపడింది! మళ్ళీ కొట్టాను, మళ్ళీ ఎగిరింది. తీగ ఉన్నట్టే అని అప్పుడు నమ్మాను. అత్తమ్మ పిలుస్తున్నాననుకుని పరుగెత్తుకొచ్చింది.

ఆదివారం నెట్‌కు వస్తాను. ఉదయగిరీ అని పిలువు. ఏం కొట్టాలో ఇప్పటి నుంచే రాసి పెట్టుకుంటున్నాను.

రుక్సానా


ఉదయగిరి,
సెప్టెంబరు 17

దివ్యా,

ఆదివారం ఎంత బాగా జరిగిందో! నువ్వు ఉదయగిరీ అనగానే "ఉన్నాను, అందరికీ సలాం" అని కొట్టాను. ఆ తర్వాత ఎలా ఆపాలో తెలియలేదు. తెర మీద ఆపే బొత్తాం ఒకటుంటుందని నువ్వు చెప్పలేదు, నేనూ చూడలేదు. కాసేపటికి కనిపించి నొక్కాను. అప్పుడు మీ మాటలు వినపడ్డాయి. నువ్వు నా అక్షరాలు చదువుతుంటే నీ గొంతు అదోలా ఉంది. జలుబు చేసిందా? నారాయణయ్య మామ "రామ్మా, రామ్మా, చానా దినాలకి" అన్నాడు. లిదియమ్మ దేవునికి స్తోత్రం అంది. ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్ళకు నేను మునుపటి రుక్సానానే.

ఆ రోజంతా దుకాణంలో కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను. నీకు ఏమిచ్చినా రుణం తీరదు.

నేను పోయిన ఉత్తరం రాసి పది రోజులైనా నీ దగ్గర నుంచి జవాబు లేదేం?

రుక్సానా


ఆత్మకూరు,
సెప్టెంబరు 23

అక్కా,

జలుబు కాదు. ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించేశాను. అబద్ధం మీద నిన్ను సంతోషంగా ఉంచడం నా వల్ల కాదు. చెప్పేస్తున్నాను.

ఆ మైకును కేబుల్‌లోకి కలిపి తట్టి చూశానన్నావే, తర్వాత దాన్ని విడదీయడం మరిచిపోయావు. ఆదివారం నీ ఈలతో పాటు నీ గదిలోని చప్పుళ్ళన్నీ మాకు వచ్చాయి. ఆపే బొత్తాం నొక్కేదాకా వస్తూనే ఉన్నాయి. నేను గట్టిగా చెబుదామంటే, నువ్వు పంపుతున్నంతసేపూ నీకు మా మాట వినపడదు కదా. అందరం చేతులు కట్టుకుని వింటూ కూర్చున్నాం.

ముందు ఫ్యాను చప్పుడు. తర్వాత మీ అత్తమ్మ వచ్చింది. మీ ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూ తెలుగూ కలిసిన మాటే అయినా అందరికీ అర్థమైంది, ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"ఏంది రాస్తా ఉండావు? గొంతు పోయిందని చెప్పినావా నీ రేడియోవాళ్ళకి?"

ఆమెకు వినపడాలని నువ్వు ఉన్న బలమంతా పెట్టి చెప్పావు.

"చెప్పలా అత్తా. నేను చచ్చిపోయినానని అనుకున్నా సరే. ఈ గొంతు మాత్రం వాళ్ళు వినకూడదు."

ఇదీ జరిగింది. నువ్వు బొత్తాం నొక్కినాక మామ రామ్మా అన్నాడు, లిదియమ్మ స్తోత్రం అంది. నేను అక్షరాలు చదివాను. విన్నామని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

మైకును విడదీయమని నేను ముందే అడిగి ఉండాల్సింది. నీ తట్టే అలవాటు చదివి నవ్వుకుని ఊరుకున్నాను. నన్ను తిట్టు, పడతాను. కానీ రేడియో మూసేయకు.

దివ్య


ఉదయగిరి,
సెప్టెంబరు 29

దివ్యశ్రీకి,

ఎవరు వినకూడదని పాకులాడానో వాళ్ళే విన్నారు. పైగా విననట్టు నటించారు. అదే అసలు జాలి. వాళ్ళ రామ్మా రామ్మాలో కూడా అదే ఉంది, నేను మురిసిపోయాను పిచ్చిదాన్ని.

రేడియో పెట్టెలో పెట్టేశాను. ఉదయగిరిని ఇక పిలవొద్దు. కార్డుకు జవాబు రాయాలి కాబట్టి రాశాను.

రుక్సానా


ఆత్మకూరు,
అక్టోబరు 8

అక్కా,

నటించాం. ఆ మాట నిజమే. నేనూ నటించాను. అందుకు నాకు చీవాట్లు పడ్డాయి, నీ చేత కాదు, నారాయణయ్య మామ చేత.

నీ ఉత్తరం వచ్చిన రోజు మనసు ఆగక, సెలవు పెట్టి కొండాపురం పోయాను. మామ పశువులకు మేత వేస్తున్నాడు. మనం జాలి చూపించామని నీకు కోపమొచ్చిందని ఆయనతో చెప్పాను. చేతిలో మేత కింద పడేసి నా మీదికి లేచాడు.

"జాలి సంగతి నాకు తెల్దు. మనం చేసినాది తప్పు. ఒక మనిషి గాల్లోకి వచ్చి మాట్లాడినాక రిపోర్టు ఇయ్యకుండా వదిలేస్తామా? ఎక్కడన్నా ఉండాదా? ముక్కూ మొహం తెలీని విదేశం వాడికి కూడా ఇస్తామే! సొంత మనిషికి ఇయ్యలా. నెట్ నడిపేదానివి, నువ్వేం చేస్తా ఉండావు ఆడ?"

అక్కా, నాకు చెంప మీద కొట్టినట్టయింది. మాట ఎంత బాగా అర్థమైందో ఒకటి నుంచి అయిదు దాకా అంకె చెప్పడం, ఉన్నదున్నట్టు చెప్పడం మన పద్ధతి. ఎవరి గొంతు విన్నా మనం మొదట చేసే పని అది. నీ గొంతు విని ఏడ్చాను గానీ ఆ పని చేయలేదు.

మరి నువ్వెంత ఇస్తావు మామా అని అడిగాను. చెప్పలేదు.

"నీకెందుకు చెప్తాను? రిపోర్టు మాట్లాడినోళ్ళకి ఇచ్చేది. ఆయమ్మని వచ్చి అడగమను. ఇస్తా. ముప్పై ఏండ్లుగా హోరులోనించి మాటలు ఏరుకుంటా ఉండా నేను. ఆయమ్మ గుసగుస నాకొక లెక్కా?"

నన్నడిగితే నాలుగు ఇస్తాను. ఆయన అంకె కావాలంటే మాత్రం నువ్వే వచ్చి అడగాలి.

దివ్య


ఉదయగిరి,
అక్టోబరు 20

దివ్యా,

నిన్న జరిగింది నువ్వూ విన్నావు. అయినా నా వైపు నుంచి రాయాలనిపించింది.

నీ ఉత్తరం దుకాణంలో చదువుకున్నాను. మామ అంకె ఎంతై ఉంటుందా అని రోజంతా అదే ధ్యాస. గిరాకీ వస్తే ధర తప్పు చెప్పాను. జాలి చూపిస్తారని అన్నాళ్ళు భయపడినదాన్ని, అంకె తెలుసుకోకపోతే నిద్ర పట్టని స్థితికి వచ్చాను. ఆ ముసలాయన గట్టివాడు.

పెట్టె మళ్ళీ విప్పాను. టైపింగ్ ప్రోగ్రాం తెరవలేదు. మైకును రేడియోకు నేరుగా కలిపాను, ఈసారి తెలిసే కలిపాను. నువ్వు "ఉదయగిరీ" అన్నావు. అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది, తనకు వినపడకపోయినా. "ఉదయగిరి ఉంది. కొండాపురం, నా రిపోర్టు ఎంత?" అని అడిగాను.

"రెండు. ఆ ఫ్యాను ఆపుకోని మళ్ళా రామ్మా" అన్నాడు మామ.

ఫ్యాను! నేను గొంతు గురించి నాలుగు నెలలు ఏడిస్తే ఆయనకు ఫ్యాను అడ్డమొచ్చింది. ఆపి వచ్చాను. మైకుకు దగ్గరగా జరిగి మళ్ళీ అడిగాను. "మూడు" అన్నాడు. నువ్వు మధ్యలో దూరి నాలుగు, నాలుగు అని గోల చేశావు. ఆయన ఒప్పుకోలేదు. "మూడంటే మూడే. నేనేమన్నా పెళ్ళిలో చదివింపులు చదివిస్తా ఉండానా?" అన్నాడు. లిదియమ్మ కూడా మూడే అంది, ఇంకాస్త నిదానంగా మాట్లాడమని చెప్పింది.

దివ్యా, నీ నాలుగును నేను నమ్మలేదు. ఏమీ అనుకోకు, అది ప్రేమతో ఇచ్చిన అంకె. ఆపరేషన్ అయినప్పటి నుంచి అందరూ బాగుంది బాగుంది అంటుంటే నా గొంతు ఎట్లా ఉందో నాకే తెలియకుండా పోయింది. మామ మూడు అనగానే మైకు ఆపి ఏడ్చాను. అత్తమ్మ భయపడి "ఏమన్నాడు వాడు?" అని అరిచింది. మూడు వేళ్ళు చూపించాను. ఎన్నింటికి అని అడిగింది. అయిదుకు అని చెయ్యంతా చూపించాను. "సగం పైన వచ్చిందిలే, ఏడుస్తావెందుకు?" అంది.

మూడంటే కష్టపడి వింటే అర్థమవుతుందని. కష్టపడి వినేవాళ్ళు ఉన్నారు. రేపటి నుంచి రోజూ వస్తాను, పిలువు.

మీ
రుక్సానా